కొసరు నెల

నెల మొదటి రోజున వదిన కుట్టుగది తాళం తీసి చేసే మొదటి పని, రేకు డబ్బా మూత తెరిచి పాత దారపు రీలు లోపల పెట్టి కొత్తది బయటికి తీయడం. డబ్బాలో పన్నెండు రీళ్ళు, పన్నెండు రంగులు. ఆస్పత్రిలో చిరిగిన దుప్పటిని ఏ నెలలో బాగుచేస్తే ఆ కుట్టు పక్కన ఆ నెల రంగుతో చిన్న గుర్తు వేయాలి. కుట్టు ఎన్నాళ్ళు నిలిచిందో తెలియాలని ఎప్పుడో ఒక పెద్దాయన పెట్టిన పద్ధతి అది. ఆ పెద్దాయన పోయాడు, పద్ధతి ఉండిపోయింది. మూడు గుర్తులు పడిన దుప్పటి మళ్ళీ చిరిగితే ఇక కుట్టరు. బాగున్న మేర కత్తిరించి పసిపిల్లల పొత్తిగుడ్డలుగా పురిటి వార్డుకు పంపుతారు. మిగిలిన పేలికలు నేల తుడవడానికి పోతాయి.

పదకొండు రీళ్ళను వదిన అలవాటుగా తీసి పెట్టేస్తుంది. లేత నీలం రీలు దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగుతుంది. దాన్ని అరచేతిలో పట్టుకుని కాసేపు కూర్చుంటుంది. ఆ నెలలో దేవుడు తనకిచ్చినదెంత, అందులో తాను నేలపాలు చేసుకున్నదెంత అని తలపోసుకుంటుంది. తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది దగ్గరే ఆమెకు కళ్ళు మసకబారతాయి.

ఆమెను వదిన అనడానికి ఆస్పత్రిలో ఎవరికీ ఆమెతో చుట్టరికం లేదు. ఆడపడుచు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా "వదినా, ఓ వదినా" అని కేకలు వేస్తుంటే, డాక్టర్ల నుంచి తోటపని చేసేవాళ్ళ దాకా అందరికీ అదే పేరయిపోయింది. ఆ ఆడపడుచునేమో అందరూ సూదమ్మ అనేవారు. చేతిలో సూది ఎంత పదునో నోట్లో నాలుకా అంతే పదును. ఎవరినీ ఊరికే వదిలేది కాదు. అలాగని ఎవరినీ గాయపడనిచ్చేదీ కాదు. గుచ్చిన చోటే కుట్టు వేసేసేది.

వదిన భర్త, అంటే సూదమ్మ అన్నయ్య, ఆ కుట్టుగదిలో దర్జీగా చేసేవాడు. ఆయన ఒక జ్వరంలో పోయాక, పిల్లాజెల్లా లేని ఇద్దరాడవాళ్ళూ ఒకరికొకరు మిగిలారు. ఆయన పని ఇద్దరూ పంచుకున్నారు. వదిన మిషను తొక్కి అంచులు, గలేబులు కుట్టేది. సూదమ్మ రఫ్ఫు చేసేది. రఫ్ఫు అంటే చిరుగు మీద మరో ముక్క వేసి కుట్టేయడం కాదు. పోయిన పోగుల చోట కొత్త పోగులు నిలువునా అడ్డంగా అల్లి, గుడ్డను మళ్ళీ గుడ్డగా చేయాలి. మంచం పట్టిన మనిషి వీపు కింద మాసిక అంచు ఒరుసుకుంటే పుండు పడుతుంది. రఫ్ఫు చేసిన చోట చేత్తో తడిమినా తెలియకూడదు. ఆ పని ఆ ఊరి మొత్తానికి సూదమ్మకే వచ్చు.

"ఏం వదినా, నువ్వూ నేర్చుకోరాదూ?" అని ఎవరైనా అంటే, "ఒక ఇంట్లో ఒక సూది చాలు నాయనా, రెండుంటే గుచ్చుకుంటాయి" అనేది వదిన. అందరూ నవ్వేవారు. సూదమ్మ మాత్రం ఆ మాటకు ఎన్నడూ నవ్వలేదు. ఆ సంగతి వదినకు చాలా ఆలస్యంగా గుర్తొచ్చింది.

నాలుగేళ్ళ కిందట, నీలం రీలు తీసిన రోజునే, పెద్ద డాక్టరుగారు వదినను పక్కకు పిలిచారు. సూదమ్మ అప్పటికే నెల నుంచి కడుపునొప్పి అంటోంది. అజీర్తి అనుకున్నారు. అది అజీర్తి కాదు. డాక్టరుగారు ఆ మాట ఎలా చెప్పాలో తెలియక, ముందు వదినకు కుర్చీ జరిపి, ఆ తర్వాత తానూ కూర్చుని, చివరికి నెమ్మదిగా అన్నారు.

"వారం రోజులమ్మా. అంతకు మించి నేను మాటివ్వలేను. చేతకాక చెబుతున్నాను, ఏమీ అనుకోకు."

ఎంతోమందికి చావు కబురు చెప్పిన మనిషి. అయినా చెప్పేటప్పుడు చేతులు జోడించారు. ఆ జోడించిన చేతుల కోసం వదిన ఈనాటికీ దేవుణ్ణి ప్రార్థించేటప్పుడు డాక్టరుగారి పేరు కూడా కలుపుతుంది.

సూదమ్మను ఆడవాళ్ళ వార్డులో గోడవారగా మంచం మీద పడుకోబెట్టారు. పడుకోగానే ఆమె వేళ్ళతో దుప్పటి తడిమింది. "చూశావా వదినా, నా దుప్పటే నాకు వేశారు. ఈ మూల నా కుట్టే. ఎంత బాగా కుట్టానో ఇప్పుడు తెలుస్తోంది, ఎక్కడుందో వీపుకు తెలియడం లేదు" అని నవ్వింది. వదిన మాత్రం నీళ్ళు తెస్తానని చెప్పి గబగబా బయటికి నడిచింది.

మూడో రోజు స్టోరుబాబు వరండాలో కనిపించాడు. దుప్పట్ల రాకపోకలు చూసేది ఆయనే. మంచివాడు. మంచివాడు కాబట్టే చెప్పలేక నసిగాడు.

"వదినా, పైవాళ్ళు అడుగుతున్నారు. రఫ్ఫు చేసే మనిషి లేకపోతే కుట్టుగది ఎందుకంటున్నారు. చిరిగినవాటికి బయట మాసికలు వేయించేస్తారట. నిన్ను వంటశాలకు మారుస్తారు. నెలాఖరుకు తేల్చేస్తారు. నేను అడ్డుపడ్డాను గానీ..."

"ఆవిడకు చెప్పకండి బాబూ" అంది వదిన.

అక్కడే వదిన పొరపాటు మొదలైంది. ప్రేమతోనే పడింది. కాబట్టే అది పొరపాటని ఆమెకు తట్టలేదు. ఉన్న వారం రోజులూ మరదలికి ఏ చీకూచింతా తగలకుండా చూడాలనుకుంది. సూదులపెట్టె ఇంటికి పట్టుకెళ్ళి అరలో పెట్టి తాళం వేసింది. మంచం చుట్టూ తెర లాగించింది. లాండ్రీలో పనిచేసే తాత రోజూ వచ్చి కబుర్లు చెప్పి నవ్విస్తుంటే, నవ్వినప్పుడల్లా సూదమ్మకు కడుపు పట్టేస్తోందని ఆయనను గుమ్మం దగ్గరే ఆపేసింది. తాను మంచం పక్కన, తలగడ వైపు స్టూలు వేసుకుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటూ కూర్చుంది. సూదమ్మ ఏదైనా మాట మొదలుపెడితే, "అలిసిపోతావు, పడుకో అమ్మాయ్" అనేది. ఎవరు అటుగా వచ్చినా పెదవుల మీద వేలు పెట్టేది. ఇరవై రెండేళ్ళుగా ఉప్పూ నిప్పులా చిటపటలాడిన గొంతులు రెండూ అలా సద్దుమణిగిపోయాయి.

వారం గడిచింది. ఎనిమిదో రోజు వచ్చింది. తొమ్మిదోది కూడా వచ్చింది. పదో రోజు పొద్దున డాక్టరుగారు నాడి చూసి, ఆశ్చర్యపోయి, వదినతో గొంతు తగ్గించి ఏదో చెప్పి వెళ్ళారు.

"ఏమన్నారు?" అంది సూదమ్మ.

"ఏమీ లేదు. పడుకో."

"రోగం వచ్చింది పొట్టకు, చెవులకు కాదు. 'ఇక మీదట ప్రతి రోజూ కొసరే అనుకోండి' అన్నారు. విన్నాను."

వదిన దుప్పటి అంచు సర్దబోయింది.

"అంగట్లో కొసరు వేస్తుంటే ఏం చేస్తాం వదినా? కొంగు పడతాం. నువ్వేమో దేవుడు వేసే కొసరంతా కింద పడిపోతుంటే కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటున్నావు."

"నీకు విశ్రాంతి కావాలి."

"విశ్రాంతికేం, ముందుంది బోలెడంత! తొమ్మిది రోజులుగా మునివేళ్ళ మీద నడుస్తున్నావు నా చుట్టూ. తెర వేశావు. తాతను రానివ్వలేదు. నేనింకా పోలేదే! అప్పుడే పోయినదానికి చేసినట్టు చేస్తున్నావేంటి?"

అంతసేపు మాట్లాడేసరికి సూదమ్మకు ఆయాసం వచ్చింది. వదిన తల వంచుకుని తెర అంచు పట్టుకుంది. నిజం ఎదురుగా నిలబడితే మనిషికి అలాగే ఉంటుంది.

"గది మూసేస్తారట కదా" అంది సూదమ్మ, ఊపిరి తీసుకుని.

"ఎవరు చెప్పారు?"

"తాత. గుమ్మం దగ్గర ఆపావు గానీ కిటికీ దగ్గర ఆపలేదుగా. వెళ్ళు. నా పెట్టె తీసుకురా. చిరిగినవి నాలుగు దుప్పట్లు తీసుకురా. అన్నయ్య బల్బు మర్చిపోకు."

బల్బు అంటే కాలిపోయిన పాత కరెంటు బల్బు. చిరుగు కింద దాన్ని పెట్టి, గుడ్డను దాని మీద బిగించి పట్టుకుంటే పోగులు సమానంగా పరుచుకుంటాయి. అన్నయ్య పని నేర్చుకున్న రోజుల నాటిది. వెలిగినన్నాళ్ళు ఎవరికి వెలుగిచ్చిందో తెలియదు గానీ, ఆరిపోయాక మాత్రం ముప్ఫై ఏళ్ళు పనిచేసింది.

పెద్ద నర్సమ్మ వార్డులోకి సూదులేమిటని మొదట కోప్పడింది. తర్వాత సూదమ్మ మొహం చూసి, మంచాన్ని గోడవార నుంచి కిటికీ వారకు తోయించింది. "వెలుతురు కావాలిగా మరి" అంటూ ఇంకెవరో అడిగినట్టు సమాధానం తనే చెప్పుకుని వెళ్ళిపోయింది. లోకంలో మంచితనం చాలావరకు ఇలాగే, కసురుకుంటూ వస్తుంది.

ఆ పదో రోజునే చదువు మొదలైంది. వదినకు యాభై ఆరేళ్ళు, పంతులమ్మకు యాభై రెండు.

"అంచున వేలాడే పీచు కత్తిరించు. మరీ బోడిగా కాదు, ఆ పీచే కొత్త పోగును పట్టుకునేది. ఇప్పుడు నిలువు పోగులు వెయ్యి. లాగకు వదినా, లాగకు! పోగును లాగకూడదు, రమ్మనాలి. లాగితే గుడ్డ అలుగుతుంది."

వదిన ఎప్పటిలాగే తలగడ పక్కన స్టూలు మీద కూర్చుని, సూదమ్మ భుజం మీదుగా చూస్తూ, అచ్చం అలాగే చేసేది. చేసిన ప్రతిసారీ గుడ్డ గుంజుకుపోయేది. సూదమ్మ ఎలా చేస్తే తానూ అలాగే చేస్తోంది. అయినా పోగులు అడ్డం తిరుగుతున్నాయి. రెండో రోజు సాయంత్రం సూదమ్మ ఆ కుట్టును పట్టుకుని పైకీ కిందికీ చూసింది.

"ఇదేంటి వదినా, దుప్పటికి బొడ్డు పెట్టావు?"

పక్క మంచం మీది ముసలమ్మ పకపకా నవ్వింది. సూదమ్మ కూడా నవ్వి, కడుపు పట్టుకుని, మళ్ళీ నవ్వింది. వదినకు నవ్వు రాలేదు. అలా నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజున ఆమె దుప్పటి ఒళ్ళో పడేసి, "నాకు రాదు అమ్మాయ్. ఈ వయసులో ఈ మొద్దు వేళ్ళకు ఇక రాదు. వంటశాలకే పోతాను. నిన్ను కష్టపెట్టిన పాపం నాకెందుకు" అంది.

సూదమ్మ తన ఎడమ చేతిలోని సూదిని, వదిన కుడి చేతిలోని సూదిని మార్చి మార్చి చూసింది.

"నేనెంత మొద్దునో! నాది ఎడమ చెయ్యి కదా. నేను అటు నుంచి ఇటు అల్లుతాను. నువ్వు నా పక్కన కూర్చుని, కుడిచేత్తో అదే దారిన పోతున్నావు. అందుకే పోగు తిరగబడుతోంది. అన్నయ్య నాకు నేర్పినప్పుడు ఎదురుగా కూర్చునేవాడు. అద్దంలో చూసి నేర్చుకున్నట్టు నేర్చుకున్నాను. రా, ఎదురుగా కూర్చో."

వదిన కదల్లేదు.

"రమ్మంటుంటే?"

"ఇక్కడ బాగానే కనిపిస్తోంది."

సూదమ్మ గొంతులో వాడి పోయింది. "నాకు తెలుసు వదినా. నా మొహం చూడలేకే పక్కన కూర్చుంటున్నావు. పదిహేను రోజులుగా నా చెవులతోనే మాట్లాడుతున్నావు. మొహం ఇలా అయిపోయిందని నాకూ తెలుసు. ముఖం కడిగేటప్పుడు నీళ్ళలో కనిపిస్తుందిగా. ఏం చేస్తాం, ఇప్పుడు ఇదే నా మొహం. ఇది చూస్తే తప్ప నీకు పని రాదు."

వదిన లేచింది. స్టూలు అవతలికి తీసుకెళ్ళడానికి చోటు లేదు. మంచం మీదే, సూదమ్మ కాళ్ళ దగ్గర, మఠం వేసుకుని కూర్చుంది. తల ఎత్తి చూసింది. బుగ్గల ఎముకలు పైకి తేలాయి. కళ్ళలో తెలుపు పచ్చబారింది. పెదవులు పగిలాయి. ఆ పచ్చని కళ్ళలోంచి మాత్రం పాత సూదమ్మే, ఎవరినో ఒకరిని గుచ్చడానికి సిద్ధంగా, చూస్తోంది. వదిన ఏడ్చింది. సూదమ్మ ఆమెను ఏడవనిచ్చింది. కాసేపయ్యాక, "అయిందా? కన్నీళ్ళు పడితే దుప్పటి మళ్ళీ ఉతకాలి, తాత తిడతాడు" అంది.

ఇద్దరి మోకాళ్ళ మీదా దుప్పటి పరుచుకుంది. అటు ఎడమ చెయ్యి, ఇటు కుడి చెయ్యి. అటు నుంచి సూది లేస్తే ఇటు నుంచి సూది లేచింది. అటు వంగితే ఇటు వంగింది. ఆ సాయంత్రం పెద్ద నర్సమ్మ మందులు తెచ్చి, రోగి మంచం మీద వేరే మనిషి కూర్చోకూడదన్న నియమం నోటి దాకా వచ్చి కూడా, గోడ మీది గడియారం చూస్తూ పక్క మంచానికి వెళ్ళిపోయింది.

ఆరోజు వదిన వేసిన కుట్టు ముడత లేకుండా పరుచుకుంది. వేలితో తడిమితే గుడ్డ గుడ్డలాగే ఉంది. వెలుతురుకు పెడితే ఒక్క తేడా. సూదమ్మ అల్లిక కుడికి కొద్దిగా వాలుతుంది. వదినది ఎడమకు వాలుతుంది.

"వాలితే వాలనీ" అంది సూదమ్మ. "పడుకునే వీపుకు కుడీ ఎడమా తెలియదు."

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో వదినకు ఒక్కొక్కటే గుర్తుంది. తెర తీసేశారు. తాత తలుపులోంచే రావడం మొదలుపెట్టాడు. ఆరేసి తెచ్చిన దుప్పట్లలో ఇంకా ఎండ వేడి ఉన్నవి ఏరి సూదమ్మ కాళ్ళ మీద కప్పేవాడు. పక్క మంచం ముసలమ్మ కోడలు ఇంటి నుంచి పాలు తెస్తే, రెండు గ్లాసులు ఎక్కువే తెచ్చేది. సూదమ్మ తాగలేకపోయినా, గ్లాసు చేతుల మధ్య పట్టుకుని వెచ్చదనం తీసుకుని, "నువ్వు తాగెయ్ వదినా, మొహమాటానికి పుచ్చుకున్నాను" అనేది.

ఒక మధ్యాహ్నం సూది ఆపకుండానే ఆమె చెప్పింది.

"నీకు ఈ పని రాకుండా చేసింది నేనే వదినా. కొత్తలో అన్నయ్య నీకూ నేర్పుతానన్నాడు. నేనే అలిగాను. పెళ్ళీ పెటాకులూ లేనిదాన్ని, ఈ పని కూడా నీకొచ్చేస్తే ఆ ఇంట్లో నేనెందుకని భయమేసింది. ఒక ఇంట్లో ఒక సూది చాలని నువ్వు అన్నప్పుడల్లా నాకు ఇక్కడ కలుక్కుమనేది."

వదిన అల్లికలోంచి తల ఎత్తింది. ఎన్నో అనాలనుంది. చివరికి ఎప్పటి నోరే వచ్చింది.

"అంటే ఇరవై రెండేళ్ళు మిషను తొక్కి నా మోకాళ్ళు అరిగింది నీ వల్లనన్నమాట."

"అవును. ఇలా చాపు, ఒత్తుతాను."

నిజంగానే చెయ్యి చాచింది. వదిన కాళ్ళు ముడుచుకుని, "పాపం తగిలిపోతుంది, ఊరుకో" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు వదిన దగ్గర ఇంకా ఉంది. వంటింట్లో ఒంటరిగా టీ కాచుకునేటప్పుడు ఒక్కోసారి బయటికి వస్తుంది.

ఇరవై నాలుగో రోజున స్టోరుబాబు పైవాళ్ళ మాట మోసుకుని వచ్చాడు. పని చూసి రాయాలట. రెండు దుప్పట్లు కిటికీకి ఎదురుగా పట్టుకున్నాడు, కళ్ళజోడు పైకి తోసుకున్నాడు, ఒకదాన్ని చూసి తల ఊపాడు.

"ఇది సూదమ్మదే. చూడగానే తెలుస్తుంది. ఈ చెయ్యి ఇంకొకరికి రమ్మంటే ఎలా వస్తుంది?"

"బాబూ, కళ్ళజోడు మార్చుకోండి" అంది సూదమ్మ. "అది వదినది. నాది మీ భుజం మీద వేసుకున్నారు చూడండి, అదీ."

స్టోరుబాబు ఆ భుజం మీదిది తీసి చూశాడు, దీన్నీ చూశాడు, ఇద్దరాడవాళ్ళనూ చూశాడు. కళ్ళజోడు తీసి, ఏ దుప్పటి అంచుతో తుడుచుకోవాలో తెలియక చొక్కాతో తుడుచుకున్నాడు. గది ఉంటుందని ఆ క్షణంలోనే తేలిపోయింది. కాగితం తర్వాత ఎప్పుడో వచ్చింది.

ఆ రోజు నుంచి సూదమ్మ తగ్గిపోసాగింది. బరువు దించుకున్న మనిషి కూలబడినట్టు. పూటకు ఒక కుట్టు అయ్యేది, తర్వాత రోజుకు ఒకటి. సూదిలో దారం వదినే ఎక్కించి ఇచ్చేది. అయినా పెట్టె తీయమనేది. "ఈ నీలం అయిపోయే లోపల అయిపోతానంటావా?" అని ఒకసారి అడిగింది. వదిన సమాధానం చెప్పలేదు. ఈసారి ఆ కళ్ళలోకి చూస్తూనే చెప్పలేదు.

నెల చివరి రోజు, ఎండ కిటికీ దిగి మంచం మీదికి వచ్చిన వేళ, సూదమ్మ ఒక చిరుగు మొదలుపెట్టింది. అరచేతి మేర ఉంటుంది. నిలువు పోగులు వేసింది. అడ్డం పోగులు సగం దాకా అల్లింది. అక్కడ సూది ఆగింది.

"అలిసిపోయాను వదినా. నువ్వు కానివ్వు."

"రేపు చేద్దాంలే."

"రేపు రంగు మారిపోతుంది."

బల్బుతో సహా దుప్పటి వదిన వైపుకు జరిగింది. వదిన సూది అందుకుంది. కుడికి వాలిన అల్లిక ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి ఎడమకు వాలే అల్లిక మొదలైంది. సూదమ్మ తలగడకు ఆనుకుని చూస్తోంది. "రమ్మను, లాగకు" అంది ఒకసారి. "ఊఁ" అంది వదిన. చివరి పోగులు మహా సన్నం. వాటి కోసం తల బాగా వంచాల్సి వచ్చింది. ఆఖరి పోగు దాటించి, నీలం గుర్తు వేసి, ముడి బిగించి, తల ఎత్తకుండానే చెయ్యి చాచింది.

"కత్తెర ఇలా ఇవ్వు అమ్మాయ్."

చేతిలోకి కత్తెర రాలేదు. వదిన తల ఎత్తింది.

సూదమ్మ ఎడమ చెయ్యి దుప్పటి మీద, వదిన వైపుకు, సగం దూరం వచ్చి ఉంది. ఆ చేతిలో కత్తెర ఉంది. పిడి వదిన వైపు, మొన తన వైపు. అన్నయ్య నేర్పిన మర్యాద అది, కత్తెర ఎవరికైనా అలాగే అందించాలి. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

పెద్ద నర్సమ్మ వచ్చి ఆ కళ్ళు మూసింది. తాత గుమ్మం దగ్గరే నిలబడి భుజం మీది తుండుగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. వదిన ఆ కత్తెరతోనే దారం తెంపింది. ఏం చేస్తోందో తెలిసి చేసిందో, తెలియక చేసిందో. ఆ దుప్పటి మడిచి తాతకు ఇచ్చేసింది. దుప్పటి రోగిది, మనది కాదని సూదమ్మ ఎప్పుడూ అనేది.

ఇచ్చేశాక మూడో రోజున గుండె పీకింది. ఒక్కటి, ఆ ఒక్కటీ ఉంచుకుంటే ఏం పోయేది? అప్పటి నుంచి ఉతికి వచ్చిన ప్రతి కట్టలోనూ వెతికింది. నీలం గుర్తు కనిపిస్తే కిటికీకి పట్టుకునేది. అన్నీ అటు వాలినవి, లేకపోతే ఇటు వాలినవి. సగం అటూ సగం ఇటూ ఉన్నది రాలేదు. వందల మంచాలున్న ఆస్పత్రి. ఏ వార్డులో ఎవరి వీపు కింద ఉందో.

ప్రతి ఏడూ నీలం దారం నెల వచ్చేది. ముప్ఫై రోజులు ఇచ్చావు దేవుడా, అనుకునేది వదిన. వారమన్న చోట ముప్ఫై. ఎవరికి వేశావు ఇంత కొసరు? నేనే తొమ్మిది రోజులు తెర వేసుకుని కూర్చున్నాను. ఎదురుగా కూర్చోవాల్సిన మనిషి పక్కన కూర్చున్నాను. ఇలా అనుకుని, లేచి, పని మొదలుపెట్టేది. మిషను పక్కన రఫ్ఫు బల్ల దగ్గర రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి ఉంటాయి. ఒక కుర్చీ తీసేస్తే చోటు కలిసొస్తుందని స్టోరుబాబు ఒకసారి అనబోయి మానేశాడు.

ఈ ఏడు, నీలం నెల సగంలో, తాత కట్ట దించుతూ, "వదినా, ఇది చూడు. నడుమ పూర్తిగా పోయింది. మూడు గుర్తులున్నాయి. ఇక కుట్టేది కాదు" అన్నాడు.

వదిన అందుకుని అలవాటుగా కిటికీకి పట్టింది.

గుర్తులు మూడు. ఒకటి ఆకుపచ్చ, ఒకటి గోధుమరంగు, ఆఖరిది నీలం. ఆ నీలం పక్కన అరచేతి మేర అల్లిక, సగం దాకా కుడికి వాలి, అక్కడి నుంచి ఎడమకు వాలింది. చుట్టూ గుడ్డ పలచబడి జల్లెడ అయినా ఆ అరచేతి మేర చెక్కు చెదరలేదు.

తాతకు చెప్పాల్సిన పని లేకపోయింది. ఆయన కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి, "దాచుకో వదినా. ఎవరడుగుతారు? నేను లెక్కలో పేలికల్లోకి వెళ్ళిందంటాను" అన్నాడు.

వదిన వేళ్ళు ఆ అల్లిక మీదే ఉన్నాయి. తాత మెల్లగా తలుపు చేరవేసి వెళ్ళిపోయాడు.

ఆమె దుప్పటిని రఫ్ఫు బల్ల మీద పరిచి చాలాసేపు కూర్చుంది. ఒక అంచు తన వైపు, ఒక అంచు ఎదుటి కుర్చీ వైపు. ఇంటి బీరువాలో సూదమ్మ చీరలు రెండు ఉన్నాయి, ముట్టుకోలేదు. అప్పట్లో సూదులపెట్టె దాచి తాళం వేసిన అర ఇప్పుడు తెరిచే ఉంది. అక్కడ ఇదీ పెడితే, మడతల్లో పసుపుబారుతూ ఉంటుంది. తాను పోయాక ఎవరో తీసి పారేస్తారు. తెర లాగి, చుట్టూ మునివేళ్ళ మీద నడవడం మళ్ళీ మొదలవుతుంది.

కత్తెర తీసింది. నడుమ పోయిన మేర తీసేసింది. అంచుల వెంట బాగున్న గుడ్డలోంచి నాలుగు పొత్తిగుడ్డలు వచ్చాయి. నాలుగోదాని మధ్యలో ఆ అల్లిక వచ్చేలా రెండుసార్లు కొలిచి మరీ కత్తిరించింది. మూడింటికి మిషను మీద అంచు కుట్టింది. నాలుగోదానికి చేత్తో కుట్టింది. ఇంటికి వెళ్ళే వేళ దాటిపోయినా తొందరపడలేదు.

మర్నాడు పొద్దున పురిటి వార్డుకు తానే పట్టుకెళ్ళింది. పెద్ద నర్సమ్మకు ఇప్పుడు పని అక్కడ. గుడ్డలు అందుకుని, పైదాన్ని చెంపకు ఆనించుకుని చూసింది. పొత్తిగుడ్డ ఎప్పుడూ అలాగే చూస్తుంది ఆమె.

"ఎంత మెత్తగా ఉంది వదినా. మధ్యలో ఏదో నీలంగా ఉందే?"

"గుర్తు" అంది వదిన. "గుచ్చుకుంటుందా?"

నర్సమ్మ వేలితో తడిమింది. మళ్ళీ తడిమింది. "లేదు. ఏమీ తెలియడం లేదు."

వదిన తల ఊపింది. లోపల ఎక్కడో ఒక పసిబిడ్డ అప్పుడే గొంతు సవరించుకుంటోంది. ఆమె ఆగి వినలేదు. కుట్టుగదిలో చిరిగినవి పదకొండు ఉన్నాయి, నీలం దారం నెల ఇంకా సగం ఉంది.